ఆలస్యంగా అందిన కాగితం

ఏటా ఆగస్టు నెలాఖరులో, బడి తెరవటానికి వారం ముందు, ఒక రెండు పేజీల కాగితం బయటికి తీస్తాను. 'అమెరికా చరిత్ర, మొదటి భాగం: మీ నుంచి ఆశించేవి, క్లాసు నియమాలు' అని దాని పేరు. నేను పాఠాలు చెప్పేది న్యూజెర్సీ మధ్యభాగంలో ఒక పబ్లిక్ హైస్కూల్లో, పదో తరగతి పిల్లలకి. ఈ రాష్ట్రంలో హైస్కూలు గట్టెక్కాలంటే అమెరికా చరిత్ర రెండేళ్ళు చదివి తీరాలి. అందులో మొదటి ఏడాది నా వంతు. యూరపువాళ్ళ రాక దగ్గర మొదలుపెట్టి అంతర్యుద్ధం, దాని తర్వాతి పునర్నిర్మాణం దాకా చెప్తాను. సెప్టెంబరులో మొదటిరోజు ఈ కాగితం పిల్లల చేతికిస్తాను. ఇంటికి తీసుకెళ్ళి, అమ్మతోనో నాన్నతోనో సంతకం పెట్టించి శుక్రవారంలోగా తెచ్చివ్వాలి. అది కూడా ఒక నియమమే.

ఏముంటాయి అందులో? పరీక్షలకెన్ని మార్కులు, వ్యాసాలకెన్ని, క్లాసులో చర్చకెన్ని అన్న లెక్క ఉంటుంది. ఫోను సంచిలోనే ఉండాలన్న హెచ్చరిక, ఇంకొకరి రాతని తనదిగా చూపిస్తే ఏమవుతుందన్న బెదిరింపు ఉంటాయి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకూడదు. అభిప్రాయం చెప్తే దానికి ఆధారం చూపించాలి. పాత పత్రాల్లో కనిపించే జాతి దూషణల్ని పైకి చదవకూడదు. ఇలా పద్దెనిమిదో పంతొమ్మిదో అంశాలుంటాయి. చాలామంది తల్లిదండ్రులు చదవకుండానే సంతకం పెట్టేస్తారని నాకు తెలుసు. నా కూతురు తెచ్చిన ఇలాంటి కాగితాల మీద నేనూ కూరగాయలు తరుగుతూ, తడిచెయ్యి చీరకి తుడుచుకుని, అలాగే పెట్టాను.

ఇప్పుడు రాస్తున్నది ఆ కాగితంలో చాలా ఏళ్ళు ఉండి, తర్వాత నేను కొట్టేసిన ఒక వాక్యం గురించి. 'గడువు దాటిన తర్వాత ఇచ్చిన పని తీసుకోబడదు. ఎవరికీ మినహాయింపు లేదు.'

ఆ వాక్యం నేను పుట్టించింది కాదు. 2008లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు, అప్పటికే పాతికేళ్ళ సర్వీసున్న ఒక సహోద్యోగి తన కాగితం నాకిచ్చి, పేరు మార్చుకుని వాడుకోమన్నాడు. మిగతావన్నీ క్రమంగా మార్చుకున్నాను గానీ ఆ వాక్యాన్ని ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే అదంటే నాకు ఇష్టం. తెనాలిలో పుట్టి, గుంటూరులో చదువుకున్న నేను అమెరికా పిల్లలకి అమెరికా చరిత్ర చెప్పటమేమిటని మొదటి ఏడాదే ఒక తండ్రి మర్యాదగా అడిగాడు. నా ఉచ్చారణని వెనక బెంచీల్లో అనుకరించేవాళ్ళు. 'వ'కీ 'డబ్ల్యూ'కీ తేడా లేకుండా పలికే నా నోటినుంచి 'వెస్ట్‌వర్డ్' అన్న మాట రావటం కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. అలాంటి గదిలో నిలబడటానికి నాకు ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. 'మినహాయింపు లేదు' అన్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. బయటినుంచి వచ్చినవాళ్ళం, అందులోనూ ఆడవాళ్ళం, ఇంట్లోవాళ్ళకంటే ఎక్కువ కచ్చితంగా ఆ ఇంటి నియమాలు పాటిస్తాం. అత్తగారింట్లో కొత్తకోడలు కాఫీగ్లాసు ఏ మేకు పక్కన బోర్లించాలో నేర్చుకున్నట్టు. కొన్నాళ్ళకి ఆ కోడలే తర్వాత వచ్చినవాళ్ళకి ఆ మేకు చూపిస్తుంది. నేనూ అదే చేశాను.

ఇక అక్టోబరులో నేను చెప్పే పాఠం సంగతి. అది చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

విప్లవం అధ్యాయంలో, 1776 మార్చి 31న అబిగెయిల్ ఆడమ్స్ తన భర్త జాన్‌కి రాసిన ఉత్తరం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. కొత్తగా రాసే చట్టాల్లో ఆడవాళ్ళని మరిచిపోవద్దని, భర్తల చేతుల్లో అపరిమితమైన అధికారం పెట్టొద్దని ఆమె రాసింది. ఆయన నవ్వొచ్చిందని జవాబు రాశాడు. పాఠ్యపుస్తకంలో స్త్రీల ప్రసక్తి అక్కడితో ముగిసి, మళ్ళీ 1848లో సెనెకా ఫాల్స్ సభ దగ్గర మొదలవుతుంది. మధ్యలో డెబ్భై రెండేళ్ళు ఏమైనట్టు?

మా రాష్ట్రంలో మాత్రం ఆ మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1776లో రాసుకున్న న్యూజెర్సీ రాజ్యాంగం ఓటుహక్కుని యాభై పౌండ్ల ఆస్తి ఉన్న, వయసొచ్చిన 'నివాసులందరికీ' ఇచ్చింది. పురుషులకి అనలేదు, తెల్లవాళ్ళకి అనలేదు. 1790 నాటి ఎన్నికల చట్టంలో ఓటరుని 'అతడు లేక ఆమె' అనే రాశారు. ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీలు, వితంతువులు, స్వేచ్ఛ పొందిన కొందరు నల్లజాతివాళ్ళు ఓట్లేశారు. 1807లో శాసనసభ ఆ హక్కుని పన్ను కట్టే తెల్ల పురుష పౌరులకే పరిమితం చేసింది. అంతకుముందు ఎసెక్స్ కౌంటీలో కోర్టు భవనం ఎక్కడ కట్టాలన్న విషయం మీద జరిగిన ఓటింగులో విపరీతంగా అక్రమాలు జరిగాయట. మగవాళ్ళు ఆడవేషాలు వేసుకొచ్చి రెండోసారి, మూడోసారి ఓట్లేశారని ఆరోపణ. మగవాళ్ళు చేసిన మోసానికి శిక్షగా ఆడవాళ్ళ ఓటు తీసేశారు! ఇది చెప్పినప్పుడు ఏటా క్లాసు పగలబడి నవ్వుతుంది. అమ్మాయిలు కాసేపటికి నవ్వు ఆపేస్తారు.

మరి పెళ్ళయిన స్త్రీలో? వాళ్ళని ఓటుకి రావద్దని 1776 రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయితే ఇంగ్లండునుంచి తెచ్చుకున్న చట్టం ప్రకారం పెళ్ళితో స్త్రీ ఆస్తి, సంపాదన, సంతకం అన్నీ భర్త కిందికి వెళ్ళిపోతాయి. దాన్ని 'కవర్చర్' అంటారు. ఆమె భర్త నీడలో కప్పబడి ఉంటుందని అర్థం. యాభై పౌండ్లు ఆమె పేరుమీద ఉండే వీలే లేదు కాబట్టి ఎవరూ ఆపకుండానే ఆమె ఆగిపోతుంది. ఈ మాట నాకు నిఘంటువు చూడకుండానే అర్థమైంది. 1998లో పెళ్ళయి నేను హెచ్-4 వీసా మీద ఎడిసన్‌లో దిగాను. ఆ వీసా ప్రకారం నేను 'డిపెండెంట్'ని. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. ఆయన ఉద్యోగం ఉంటేనే నా ఉనికి. ఎనిమిదేళ్ళ తర్వాత గ్రీన్‌కార్డు వచ్చేదాకా నేను కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో కోర్సు చదువుకుంటూ గడిపాను. నాలాంటివాళ్ళలో కొందరికైనా, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు కొంతదూరం నడిచాక, పని చేసుకునే అనుమతి దొరికింది 2015లో.

2022 అక్టోబరులో ఈ పాఠం చెప్పేటప్పటికి నా చేతికి కొత్త సామగ్రి వచ్చింది. ఫిలడెల్ఫియాలో అమెరికన్ విప్లవానికి సంబంధించిన మ్యూజియం ఒకటుంది. వాళ్ళు వెతికి పట్టుకున్న పాత ఓటింగు జాబితాలతో 2020లో ఒక ప్రదర్శన పెట్టారు. మా బడికి దగ్గర్లోనే ఉన్న మాంట్‌గోమరీ టౌన్‌షిప్‌లో 1801లో ఓటేసినవాళ్ళ జాబితా అందులో ఉంది. మగపేర్ల మధ్య మధ్యలో ఆడపేర్లు కనిపిస్తాయి. దాని నకలు పిల్లలకిచ్చాను. 'విప్లవం ఎవరి హక్కుల్ని పెంచింది? ఎవరి హక్కుల్ని అలాగే ఉంచింది? ఒక పత్రం ఆధారంగా నాలుగు పేజీలు రాయండి.' గడువు మూడు వారాలు. సోమవారం రాత్రి పదకొండూ యాభై తొమ్మిది.

ఆ ఏడాది మా విభాగమంతా గడువుల విషయంలో పట్టుదలగా ఉంది. కోవిడ్‌లో ఏడాదిన్నరపాటు ఎవరెప్పుడిచ్చినా తీసుకున్నాం. పిల్లలు పాడైపోయారు, మళ్ళీ గాడిలో పెట్టాలి అనుకున్నాం. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ ఏడాది నా క్లాసుల్లో కవలలిద్దరు ఉన్నారు. తెలుగుపిల్లలు. అబ్బాయి రెండో పీరియడ్‌లో, అమ్మాయి ఆరో పీరియడ్‌లో. ఇల్లొకటే, పుట్టినరోజొకటే, టీచరొకటే, వ్యాసమొకటే. అబ్బాయి వ్యాసం సోమవారం సాయంత్రం ఏడింటికి వచ్చింది. శుభ్రంగా రాశాడు. తొంభై రెండు వేశాను. అమ్మాయిది బుధవారం రాత్రి ఒంటిగంటన్నరకి వచ్చింది. సున్నా వేశాను. గడువు దాటిన పని తీసుకోబడదు కాబట్టి, తెరిచి చదవలేదు. చదివితే మనసు మారుతుందని కాదు, చదవాలన్న ఆలోచనే రాలేదు. వాళ్ళిద్దరూ ఒకే కడుపున పుట్టినవాళ్ళు కాబట్టి ఇంతకంటే సమానమైన పోటీ ఎక్కడుంటుందని కూడా అనుకున్నట్టు గుర్తు.

నవంబరులో తల్లిదండ్రుల సమావేశానికి వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది. భీమవరం వైపువాళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. మెట్లెక్కి వచ్చి, పొట్టమీద చెయ్యి పెట్టుకుని మెల్లగా కూర్చుంది. తెలుగులో మాట్లాడొచ్చని తెలియగానే ఆమె ముఖం విచ్చుకుంది.

"వాడి సంగతి నాకు బెంగ లేదండీ, టైముకి అన్నీ చేసుకుంటాడు. దీంతోనే. సున్నా చూసి వాళ్ళ నాన్నగారు చాలా కేకలేశారు. ఒకే ఇంట్లో ఉంటున్నారు కదండీ, వాడికి కుదిరింది నీకెందుకు కుదరలేదని. మీరు వేసింది కరెక్టే మేడం. దానికి బద్ధకం. కాస్త గట్టిగా చెప్పండి."

నేను తల ఊపాను. సమయపాలన గురించి ఏదో అన్నాను కూడా. పది నిమిషాలు అయిపోతుంటే, లేవబోతూ, ఒంట్లో ఎలా ఉందండీ అని అడిగాను.

"ఫర్లేదండీ. మొన్న అక్టోబరులో గర్భసంచి తీసేశారు. ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. ఇండియానుంచి అమ్మ వద్దామనుకుంది గానీ వీసా స్లాటు దొరకలేదు. పాపం అమ్మాయే చేసిందిలెండి అంతా. వంట, లంచ్‌బాక్సులు, నాకు స్నానానికి సాయం. అది లేకపోతే మా ఇల్లు నడిచేది కాదు."

ఒకే అమ్మ, ఒకే కుర్చీలో కూర్చుని, పది నిమిషాల తేడాతో చెప్పిన రెండు సంగతులివి. వాటికి సంబంధం ఉందని ఆమెకి తట్టలేదు. బద్ధకమున్న పిల్లా, ఇల్లు నడిపిన పిల్లా వేర్వేరు మనుషులన్నట్టే చెప్పింది. ఆమెని తప్పుపట్టటానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే, చరిత్రలో స్త్రీల గురించి పధ్నాలుగేళ్ళుగా పాఠం చెప్తున్న నాకూ అది తట్టలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ వ్యాసం తెరిచాను. పెళ్ళయిన స్త్రీల గురించి రాసింది. మాంట్‌గోమరీ జాబితాలో ఆడపేర్లున్నాయని అందరం సంతోషిస్తున్నాం, కానీ ఆ ఊళ్ళో ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆ జాబితాలో ఎప్పటికీ ఉండలేరు, వాళ్ళని ఎవరూ గుమ్మం దగ్గర ఆపలేదు, ఆపాల్సిన అవసరమే రాలేదు అని రాసింది. చివరి పేరాలో ఒక మాట ఉంది. వచ్చినవాళ్ళని లెక్కపెట్టటానికి జాబితా ఉంది. హక్కుండి కూడా, ఆ రోజు ఇంట్లో పని తెమలక రాలేకపోయిన వితంతువులెందరో చెప్పే జాబితా ఎక్కడా లేదు.

రాత్రి ఒంటిగంటన్నరకి, గిన్నెలు తోమి, పదిహేనేళ్ళ పిల్ల రాసిన మాట అది. నా దగ్గరున్న జాబితాలో, అంటే గ్రేడుపుస్తకంలో, ఆమె పేరు పక్కన సున్నా ఉంది.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే చూశాను. సెప్టెంబరులో సంతకాలు పెట్టించుకొచ్చిన నియమాల కాగితాలు నా ఫైల్లో ఉంటాయి. కవలల కాగితాలు రెండూ తీశాను. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, అత్యవసరమైతే ఎవరిని పిలవాలి, ఇవన్నీ నింపాల్సిన గళ్ళు కింద ఉంటాయి. రెండింటిమీదా ఒకటే గుండ్రటి చేతిరాత. అన్నదమ్ముడి కాగితం కూడా ఆ పిల్లే నింపి, అమ్మ సంతకం పెట్టించి, శుక్రవారంలోగా తెచ్చింది.

నాకు మా తెనాలి ఇల్లు గుర్తొచ్చింది. నేనూ మా అన్నయ్యా ఒకే లాంతరు కింద చదువుకునేవాళ్ళం. "అమ్మాయ్, పాలు పొంగుతాయి చూడు" అని వంటింట్లోంచి కేక వచ్చేది. అమ్మ ఎప్పుడూ "అబ్బాయ్" అని పిలవలేదు. మా అమ్మ చెడ్డది కాదు, నా చదువు కోసం నాన్నతో పోట్లాడిన మనిషి. అయినా ఆ కేకకి ఇద్దరిలో ఎవరు లేవాలో ఇంట్లో అందరికీ తెలుసు. లెక్కలు పూర్తి చేయలేదని స్కేలుతో దెబ్బలు తిన్నరోజు నేను మాస్టారికి పాల సంగతి చెప్పలేదు. చెప్పొచ్చని కూడా తెలియదు. అదంతా మరిచిపోయి, ఆ స్కేలు నా చేతికి వచ్చాక మాత్రం, అది అందరికీ ఒకటే పొడవని గర్వపడ్డాను.

మర్నాడు ఆరో పీరియడ్ అయ్యాక ఆ అమ్మాయిని ఆగమన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఇట్స్ ఫైన్, మిస్" అంది. మన ఇళ్ళలో 'ఫర్లేదులే' అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఆ 'ఫైన్'కీ అన్నే ఉన్నాయి. నీ ఒక్కదానికి మారుస్తానంటే, వద్దంది. కాగితం మీద మినహాయింపు లేదని ఉంది కదా, మా అమ్మ సంతకం కూడా పెట్టింది కదా అంది. అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే అలా అనుకుంది. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ విడత నేను వేసిన సున్నాలు మొత్తం పదకొండు. అన్నీ తెరిచి, అన్నీ చదివి, అన్నిటికీ మార్కులు వేశాను. పదకొండుమందినీ విడివిడిగా అడిగాను. అందరివీ గొప్ప కారణాలని చెప్పను. ఇద్దరు వీడియో గేములాడుతూ మరిచిపోయారు. ఒకమ్మాయి రెండు ఇళ్ళ మధ్య తిరుగుతోంది, తల్లిదండ్రులు విడిపోయారు. లాప్‌టాప్ నాన్న ఇంట్లో ఉండిపోయింది. ఒక అబ్బాయి పక్క ఊళ్ళో మేనమామ కొట్లో రాత్రి పదింటిదాకా నిలబడి పని చేస్తున్నాడు. అంటే ఇది ఆడపిల్లల సంగతి మాత్రమే కాదు. సాయంత్రం తనదికాని ప్రతి పిల్ల సంగతీ, ప్రతి పిల్లాడి సంగతీ. కాకపోతే ఒకే ఇంట్లో, ఒకే వయసువాళ్ళలో, ఎవరి సాయంత్రం ఎవరికి పోతుందో ఆ కవలలు నాకు కళ్ళకి కట్టినట్టు చూపించారు.

జనవరిలో నియమం మార్చాను. ఒక్కో విడతకి ప్రతి ఒక్కరికీ నాలుగు రోజులు వెసులుబాటు. ఎలా వాడుకున్నా సరే, కారణం అడగను. అవి అయిపోయాక కూడా ఆలస్యమైతే మార్కులు కొద్దిగా తగ్గుతాయి గానీ సున్నా ఉండదు. ఏది వచ్చినా చదువుతాను. కారణం అడగకపోవటం గురించి చాలా ఆలోచించాను. అడిగితే, చెప్పగలిగినవాళ్ళకే వెసులుబాటు దొరుకుతుంది. 'ఫైన్' అనేవాళ్ళకి దొరకదు.

నాకు కాగితం ఇచ్చిన ఆ సహోద్యోగి అప్పటికి రిటైరయ్యాడు. మిగతావాళ్ళు ఊరుకోలేదు. బయట ప్రపంచంలో గడువులుండవా, ఉద్యోగాల్లో ఎవరు ఆగుతారు అన్నారు. అందులో నిజముంది. నాకూ మార్కులు ఇచ్చే గడువుంది, అది దాటితే ప్రిన్సిపాల్ నన్ను పిలుస్తాడు. కానీ ఆ బయట ప్రపంచంలో భర్త గడువుల్ని అందుకునేలా వెనక నిలబడి వండిపెట్టే భార్య కూడా ఉంది. ఆమె ఏ నియమాల్లోనూ కనిపించదు. అసలైన ప్రశ్న అబ్బాయి వేశాడు, కవలల్లో అబ్బాయి. "నేను టైముకిచ్చాను కదా, మరి నాకు అన్యాయం కాదా?" నిజాయితీగా అడిగాడు. జవాబుగా నేను వాడికి ఇంకో పాఠం చెప్పాను.

1922లో కేబుల్ చట్టం వచ్చింది. అప్పటిదాకా విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకునేది. ఇక పోదని చట్టం చెప్పింది. స్త్రీలు పండగ చేసుకున్నారు. కానీ భర్త 'పౌరసత్వానికి అర్హుడు కాని' విదేశీయుడైతే మాత్రం పోతుందని అందులోనే ఉంది. మరుసటి ఏడాది, 1923లో, భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కాదు కాబట్టి అర్హులు కారని తేల్చింది. తారక్‌నాథ్ దాస్ అనే బెంగాలీ విప్లవకారుణ్ణి పెళ్ళి చేసుకున్న మేరీ కీటింగ్ దాస్ అమెరికాలోనే పుట్టింది. అయినా తన దేశానికి పరాయిదైపోయింది. ఆ మెలికని 1931లో గానీ తీసేయలేదు. చట్టం ఆమె పేరు ఎత్తలేదు, ఆమెని ఉద్దేశించి రాసిందీ కాదు. పెళ్ళయిన స్త్రీలందరికీ ఒకటే నియమం. కానీ ఒకామెకి తగల్లేదు, ఇంకొకామెకి తగిలింది. "నీ నియమం, మీ అక్క నియమం కూడా ఒకటే. అది నీకు ఎందుకు తగల్లేదో ఇంటికెళ్ళి ఆలోచించు" అన్నాను. "అక్క కాదు మిస్, నాకంటే నాలుగు నిమిషాలు చిన్నది" అన్నాడు. నవ్వేశాం. వాడు ఆలోచించాడో లేదో నాకు తెలియదు.

ఒక వాక్యం మార్చాక మిగతావి కూడా కుదురుగా ఉండనివ్వలేదు. 'ఏ అభిప్రాయానికైనా పత్రం ఆధారం చూపాలి' అన్నది మా సబ్జెక్టుకి ప్రాణం. నేనిప్పటికీ దాన్ని వదులుకోను. కానీ ఆ అమ్మాయి వ్యాసంలో అన్నిటికంటే గొప్ప మాటకి ఆధారం లేదు. ఆధారం లేదన్నదే ఆ మాట. స్త్రీల చరిత్ర తవ్వేవాళ్ళందరం ఏదో ఒకనాడు ఈ గోడకి తలకొట్టుకున్నవాళ్ళమే. పత్రం ఉన్నా అది ఎవరి చేతిరాత?

1851లో ఒహైయో రాష్ట్రం ఆక్రన్‌లో సొజర్నర్ ట్రూత్ చేసిన ప్రసంగాన్నే తీసుకోండి. ఆమెకి చదవటం, రాయటం రాదు. న్యూయార్క్ రాష్ట్రంలో డచ్చివాళ్ళ దగ్గర బానిసగా పుట్టింది, ఆమె మొదటి భాష డచ్చి. సభ జరిగిన నెల రోజుల్లోపే మారియస్ రాబిన్‌సన్ అనే సంపాదకుడు అచ్చువేసిన కథనంలో, 'నేను స్త్రీని కానా' అన్న ఆ ప్రసిద్ధమైన పల్లవి లేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1863లో, ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్ల స్త్రీవాది అచ్చువేసిన పాఠంలో ఉంది. అదీ దక్షిణాది బానిసల యాసలో, ఆమె ఎన్నడూ మాట్లాడని యాసలో. ప్రపంచమంతా గోడలమీద రాసుకున్నది ఆ రెండో పాఠమే. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకిస్తాను. నియమాన్ని ఇలా మార్చాను: 'ఆధారం చూపండి. ఆధారం లేనిచోట, అది ఎందుకు లేదో చెప్పండి. అది కూడా చరిత్రే.'

ఇంకొకరి రాతని తనదిగా చూపకూడదన్న నియమానికి కూడా ఇప్పుడు కొత్త తలనొప్పి వచ్చింది. ఆ సున్నాలు దిద్దిన నెలాఖరులోనే చాట్‌జీపీటీ వచ్చింది. అడిగితే నాలుగు పేజీల వ్యాసం నిమిషంలో రాసిస్తుంది. ఇప్పుడు సగం రాత క్లాసులోనే, నా కళ్ళముందు, చేత్తో రాయిస్తున్నాను. యంత్రం భయంతో మొదలుపెట్టాను గానీ, ఇంట్లో సాయంత్రం లేని పిల్లలకి బడిలో నలభై నిమిషాలు దొరికినట్టయింది.

మార్చి నెలలో ఆ తల్లికి ఫోన్ చేశాను. అమ్మాయి మార్కులు మార్చానని, వ్యాసం చాలా బాగుందని చెప్పాను. సంతోషపడింది. కాసేపు తటపటాయించి, "అబ్బాయికి కూడా వంట నేర్పండి" అన్నాను. అది టీచరుగా నేను అనాల్సిన మాట కాదు. తెలుగుదాన్ని కాబట్టి అనగలిగాను. ఆమె పకపకా నవ్వి, "వాడికెక్కడ వస్తుందండీ! నీళ్ళు కాచటం కూడా రాదు" అంది. ఆ నవ్వులో ముద్దుంది, మురిపెం ఉంది. నేను ఇంకేమీ అనలేకపోయాను. మా అన్నయ్య గురించి మా అమ్మ కూడా సరిగ్గా అలాగే నవ్వేది.

న్యూజెర్సీలో స్త్రీలు 1807లో పోగొట్టుకున్న ఓటు 1920లో గానీ తిరిగి రాలేదు. నూట పదమూడేళ్ళు. ఆ నియమం కాగితం మీద ఉంది, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలుసు, ఎదురు తిరగటానికి ఒక శాసనసభ ఉంది. దానికే అన్నేళ్ళు పట్టింది. పాలు పొంగితే ఎవరు లేవాలన్న నియమం ఏ కాగితం మీదా లేదు. దానిమీద ఎవరి సంతకమూ లేదు. నా రెండు పేజీల్లో ఏ వాక్యం కొట్టేసినా అది పోదు. నా నాలుగు రోజుల వెసులుబాటు ఆ అమ్మాయికి నిద్రపోవటానికి నాలుగు రాత్రులిస్తుందేమో గానీ, వంటింట్లోకి అన్నదమ్ముణ్ణి పంపించదు. ఆ సంగతి నన్ను నేను మోసం చేసుకోకుండా గుర్తుపెట్టుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

అయినా చేయగలిగినదొకటి చేస్తున్నాను. ఇప్పుడు సంతకాల కాగితంతో పాటు మొదటివారంలో ఒక చిన్న పని ఇస్తాను. 'మీ ఇంట్లో కాగితం మీద లేని నియమం ఒకటి రాయండి. ఎవరు పెట్టారు? ఎవరికి వర్తిస్తుంది? ఎవరైనా మార్చటానికి ప్రయత్నించారా?' అబ్బాయిలు ఎక్కువగా వైఫై ఎన్నింటికి ఆపేస్తారో రాస్తారు. అమ్మాయిలు వెనకపేజీ కూడా నింపుతారు. ఈమధ్య ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు, తమకి వర్తించని నియమం గురించి రాస్తున్నారు. దానికి మార్కుల్లేవు, గడువు కూడా లేదు. ఏటా దాదాపు అందరూ మర్నాడే తెచ్చిచ్చేస్తారు.